ఫోన్లో ఒప్పుకున్న ధరని ఇంటికొచ్చాక సగం చేసేవాళ్ళతో ఎలా మాట్లాడాలి?

లంకఇల్లు:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరు. నేను రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. పోయిన భాద్రపదంలో నాన్నగారు పోయారు. అంత ఇంట్లో అమ్మ ఒక్కతే ఉండలేదని నా దగ్గరికి తెచ్చుకుంటున్నాను. ఇల్లు అమ్మేశాం, మే నెలాఖరుకి తాళాలు ఇచ్చెయ్యాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఉన్నవి రెండు గదులు. నలభై అయిదేళ్ళ సంసారం అందులో పట్టదు. అందుకని పనికొచ్చేవాటికి ఫొటోలు తీసి పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టాను. టేకు పందిరి మంచం, నడవాలో ఉన్న ఉయ్యాల బల్ల, ఇత్తడి సామాను, ఫ్రిజ్, నాన్న స్కూటర్.

ఫ్రిజ్ మొదటిరోజే వెళ్ళిపోయింది. పక్క ఊరి టీకొట్టాయన వచ్చి, స్విచ్ వేయించి, గంటసేపు కూర్చుని ఐస్ పడుతోందో లేదో చూసుకుని, అయిదొందలు తగ్గించమన్నాడు. తగ్గించాను. ఇద్దరికీ బాగానే ఉంది. కాబట్టి బేరం ఆడటమే తప్పని నేను అనడం లేదు.

మిగతావాటితోనే నిద్ర పట్టడం లేదు. రోజుకి ముప్ఫై మెసేజ్‌లు వస్తాయి. సగం పైగా "ఉందా?" అని. "ఉందండి, ఎప్పుడొస్తారు?" అంటే ఇక జవాబుండదు. మిగిలినవాళ్ళు పలకరింపు కూడా లేకుండా "లాస్ట్ ఎంత" అంటారు. కంటితో చూడని వస్తువుకి లాస్ట్ ఎంతని చెప్పను? ఉయ్యాల బల్లకి 7,000 పెడితే ఒకావిడ రాత్రి పదకొండింటికి మొదలుపెట్టి ఇరవై ఆరు ఫొటోలు అడిగారు, గొలుసుల్లో ఒక్కో కొక్కేనికీ విడిగా. అన్నీ పంపాక "రెండు వేలకి ఇవ్వండి, గొలుసులు ఊరికే ఇవ్వాలి" అన్నారు. స్కూటర్‌కి ఒకతను అసలు బేరమే ఆడలేదు. తాను ఆర్మీలో ఉన్నానని, బండి చూడక్కర్లేదని, అడ్వాన్సు పంపుతానని ఒక క్యూఆర్ కోడ్ పంపాడు. దాన్ని స్కాన్ చేస్తే నా ఖాతాలో 5,000 పడతాయట. నాకు అనుమానం వచ్చి ఆగిపోయాను. దాని గురించి తెలిసినవాళ్ళు చెప్పండి.

అసలు విషయం మంచం. 1979లో అమ్మ పెళ్ళికి మా తాతగారు దగ్గరుండి చేయించింది. నాలుగు కోళ్ళూ తరిమెన పట్టినవి (తిప్పుతూ గుండ్రంగా చెక్కినవి), పైన పందిరి, తలవైపు చెక్క మీద రెండు చిలకలు. 1986 ఆగస్టు వరదకి నాకు ఎనిమిది నెలలు. అమ్మ నన్నెత్తుకుని పడవలో ఏటిగట్టుకి చేరిందట. నీళ్ళు తగ్గాక తిరిగొచ్చేసరికి ఇంటినిండా ఒండ్రు. అప్పుడు ఈ మంచం కోళ్ళకి, నేల నుంచి మూరెడు ఎత్తున, చుట్టూ ఒక చార పడింది. ఎన్నిసార్లు పాలిష్ పెట్టించినా పోలేదు. వేలితో రాసి చూస్తే కర్ర నున్నగానే ఉంటుంది, గరుకు లేదు. రంగులోనే తేడా. చారకి కింద కొంచెం నలుపు, పైన తేనె రంగు.

దీనికి 22,000 పెట్టాను. అమలాపురం వైపు నుంచి ఒకాయన ఫోన్ చేసి, నాలుగు రోజులు మాట్లాడి, అదే ధరకి ఒప్పుకున్నారు. శనివారం సాయంత్రం ఏడున్నరకి మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని, ట్రాలీ ఆటో కట్టించుకుని వచ్చారు. ఇంట్లో నేనూ అమ్మా మాత్రమే ఉన్నాం. ఒకతను సెల్ లైటు వేసి మంచం కిందికి దూరాడు. ఇంకొకతను వేలి కణుపులతో కోడు మీద కొడుతూ "నీళ్ళు తాగిన కర్ర, లోపల గుల్ల" అన్నాడు. చార చూపించి, ఫొటోలో ఇది ఎందుకు లేదని అడిగారు. నిజమే, ఫొటోలో పెట్టలేదు. అది లోపమని నాకెప్పుడూ తోచలేదు. తొమ్మిది వేలన్నారు. నేను కుదరదన్నాను. అప్పుడు ఆ మూడోమనిషి మంచం మీద కూర్చుని "మనిషి పోయిన మంచం ఇంకెవరు కొంటారమ్మా, మేం కాబట్టి అడుగుతున్నాం" అన్నాడు.

నాన్న పోయింది కాకినాడ ఆసుపత్రిలో. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అమ్మ వంటింట్లో వాళ్ళకి టీ పెడుతోంది. గ్లాసులు పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తర్వాత నెమ్మదిగా "ఇచ్చెయ్యవే" అంది.

ఇవ్వలేదు. వాళ్ళు ఇంకో గంట కూర్చున్నారు. తొమ్మిది వేలు పది వేలయింది, పది పదకొండయింది, చివరికి ఆటో కిరాయి 800 నన్నే ఇమ్మన్నారు. ఇచ్చి పంపించాను. ఆ 800 గురించి కాదు నా బాధ. ఆ రాత్రి అమ్మ ఆ మంచం మీద పడుకోలేదు, చాప వేసుకుంది.

ఇక్కడ అమ్మకాలు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. చెప్పండి. ముందే ఎక్కువ వేసి తగ్గించాలా, ఫిక్స్‌డ్ అని రాసెయ్యాలా? ఒప్పుకుని వచ్చి సగం అడిగేవాళ్ళకి ఏ మాట చెప్పి పంపాలి? అంతకన్నా ముందు, నేను అడుగుతున్న ధర సరైనదో కాదో నాకెలా తెలియాలి?


అంబాజీపేటకాయ:

అమ్మా, నాన్నగారి సంగతి విని బాధ కలిగింది. నేను నలభై ఏళ్ళు కొబ్బరికాయ వ్యాపారం చేసి మానేసినవాణ్ణి. మీరు రాసిన ఆ ముగ్గురి పద్ధతి నాకు బాగా తెలుసు.

మా దగ్గర వెయ్యి కాయల లెక్కన ధర మాట్లాడతారు. కొనేవాడు రాశి చుట్టూ తిరిగి అన్నిటికన్నా చిన్నకాయ ఒకటి ఏరి చేత్తో పట్టుకుంటాడు. మాట్లాడినంతసేపూ అది చేతిలోనే ఉంటుంది. రైతు కళ్ళు ఆ కాయ మీదే ఉంటాయి, వెనకాల ఉన్న రాశిని మరిచిపోతాడు. మీ మంచానికి ఆ చార చిన్నకాయ అయింది. దానికి విరుగుడు ఒకటే. ఆ కాయ ముందు మీరే ఏరి చూపించాలి. కొత్తగా పోస్టు పెట్టి, మొదటి ఫొటో ఆ చారదే పెట్టండి. 86 వరద చార అని, కర్ర గట్టిగా ఉందని రాయండి. అది ఒప్పుకున్నవాళ్ళే ఫోన్ చేస్తారు. ఇంటికొచ్చి దాన్ని చూపించి తగ్గించడానికి వాళ్ళకి చోటుండదు.

రెండో సంగతి. మీ పాత పోస్టులో "మే నెలాఖరులోపు ఇల్లు ఖాళీ చెయ్యాలి, త్వరగా అమ్మాలి" అని ఉండి ఉంటుంది. ఉంటే ఇప్పుడే తీసెయ్యండి. ఈ మాట ఎందుకు చెబుతున్నానో కూడా చెబుతాను. 96 నవంబరు తుఫానుకి కోనసీమలో తోటలకి తోటలు నేలకూలాయి. పడిన చెట్ల కాయలు రైతు దాచుకోలేడు, ఎవరికో ఒకరికి తోలెయ్యాలి. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి నేను చెప్పిన ధరకే కొన్నాను. అందరూ అలాగే కొన్నారు, నేనూ కొన్నాను. ఒక రైతు నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అది ఈనాటికీ నాకు గుర్తొస్తుంది. మీకు గడువు ఉందని కొనేవాడికి తెలిసినరోజున మీరు కూడా ఆ రైతు స్థానంలోనే నిలబడాల్సి వస్తుందమ్మా.

చీకటి పడ్డాక ఎవరినీ రానివ్వకండి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు, అంతే. మీ వైపు మగమనిషో, నోరున్న పిన్నిగారో ఒకరిని కూర్చోబెట్టుకోండి. అమ్మగారిని ఆ సమయానికి పక్కింటికి పంపించండి. బేరం తేలేదాకా టీలు, కుర్చీలు వద్దు. మర్యాద తక్కువని అనుకోకండి, బేరం కుదిరాక భోజనమే పెట్టండి. కూర్చున్నవాడు లేవడు, వాడు లేచేదాకా మీరు మాట్లాడుతూనే ఉండాలి.

ఒప్పుకుని వచ్చి సగం అడిగితే, మీరు ఏ కారణమూ చెప్పొద్దు. కర్ర మంచిదని వాదించొద్దు. "మనం అనుకున్నది 22,000. ఇష్టమైతే తీసుకెళ్ళండి, లేకపోతే లేదండి" అని ఊరుకోండి. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే మాట. వాళ్ళు ఎదురుచూసేది మీ వాదన కోసమే, అందులోంచి ఇంకో బేరం తీస్తారు.

ఆ మూడోవాడు అన్నమాట మాత్రం ఆ ఇంటి గడప దాటకముందే మరిచిపోండి. ఇళ్ళ బేరాల్లోనూ ఇదే అంటారు, నేను విన్నాను. వాడికి మీ నాన్నగారు ఎవరో తెలియదు, ఎక్కడ పోయారో తెలియదు. చావుమాట ఎత్తితే ఆడవాళ్ళు తొందరగా తగ్గి ఇచ్చేస్తారని మాత్రం తెలుసు.


చెక్కపని:

మేడమ్ గారు, ధర సరైనదో కాదో అని అడిగారు కదండి, అది నేను చెబుతాను. మాది వడ్రంగం.

ముందు కర్ర లెక్క వెయ్యండి. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి. మీరు లెక్కల టీచర్ కాబట్టి చిటికెలో పని. ఉదాహరణకి పందిరి కోడు 4 అంగుళాల చదరం, 7 అడుగుల పొడవు ఉందనుకోండి, 4 ఇంటూ 4 ఇంటూ 7 అంటే 112, బై 144, సుమారు 0.78. నాలుగు కోళ్ళకి 3.1. పక్క పట్టీలు 6 అంగుళాల వెడల్పు, 2 మందం, ఆరున్నర అడుగులు అయితే రెండిటికీ కలిపి 1.08. అడ్డపట్టీలు అదే సైజులో అయిదడుగులవి రెండు, 0.83. అన్నీ కలిపితే అయిదు ఘనపుటడుగుల పైచిలుకు. తలచెక్క, పందిరి కర్రలు విడిగా. మీ మంచం కొలతలు మీరే తీసుకోండి, ఇది పద్ధతి చెప్పడానికి మాత్రమే.

తర్వాత రాజమండ్రిలో రెండు కలప అడితీలకి వెళ్ళి పాత టేకు ఘనపుటడుగు ఎంతకి కొంటారో అడగండి. కొనే ధర అడగాలి, అమ్మే ధర కాదు. దాంతో గుణిస్తే వచ్చేది మీ మంచం కర్రగా చీల్చితే పలికే ధర. తరిమెన పట్టిన కోళ్ళలో సన్నని చోట కర్ర తక్కువ కాబట్టి అందులో కొంత తీసెయ్యండి. అంతకన్నా తక్కువకి ఎవరడిగినా ఇవ్వనక్కర్లేదు. దాని మీద పనితనానికి ఎంత వేసుకుంటారన్నది మీ ఇష్టం. ఆ చిలకలు చెక్కే పనిమంతులు ఇప్పుడు తక్కువ, ఆ పనికి రోజులు పడతాయి.

గుల్ల సంగతి. టేకులో నూనె గుణం ఉంటుంది, నీళ్ళకి తొందరగా పాడవదు. వారం పది రోజుల వరదకి టేకు గుల్ల అవ్వడం నేను చూడలేదండి. గుల్ల అయితే నలభై ఏళ్ళు నిలబడేదే కాదు. అయినా నమ్మకానికి ఒక పని చెయ్యండి. కోడు అడుగుభాగం నేలకి ఆనేచోట, బయటికి కనపడనివైపు, సన్న మేకుతో గట్టిగా గుచ్చి చూడండి. మెత్తగా దిగితే పుచ్చినట్టో చెద తిన్నట్టో. దిగకపోతే కర్ర గట్టిది. ఈ పరీక్ష చేస్తూ సెల్‌లో వీడియో తీసి పోస్టులో పెట్టండి. ఇక వేళ్ళతో కొట్టి శబ్దం వినేవాళ్ళకి పని ఉండదు.


భీమవరంబళ్ళు:

అక్కా, స్కూటర్ విషయం. మాది సెకండ్‌హ్యాండ్ బళ్ళ పని, రోజూ చూస్తాం.

ముందు ఆ క్యూఆర్ కోడ్. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మన ఖాతాలోంచి పోతుంది. యూపీఐలో డబ్బు రావడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. ఆర్మీ అని, ఎయిర్‌పోర్ట్ అని ఐడీకార్డు ఫొటో కూడా పంపుతారు. వస్తువు చూడను, ధర తగ్గించక్కర్లేదు అన్నవాడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులు (యూపీఐలో ఎదుటివాళ్ళని డబ్బు అడుగుతూ పంపేవి) 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు, అయినా క్యూఆర్ కోడ్‌తో మోసం మాత్రం జరుగుతూనే ఉంది. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. ఇంకోటి, ఎదుటివాళ్ళు డబ్బు పంపామని స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మొద్దు. మీ బ్యాంకు యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకున్నాకే తాళం ఇవ్వండి.

నాన్నగారి స్కూటర్ అన్నారు, బండి ఆయన పేరు మీదే ఉండి ఉంటుంది. అలా ఉండగా నేరుగా అమ్మడానికి లేదక్కా. ముందు అమ్మగారి పేరు మీదకో మీ పేరు మీదకో మార్చుకోవాలి, దానికి ఫారం 31. నియమం ప్రకారం ఓనరు పోయిన 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలపాలి, మూడు నెలల్లో ఫారం పెట్టాలి. మీకు ఆ గడువు దాటింది, ఆలస్యానికి ఫైన్ పడొచ్చు, అయినా పని అవుతుంది. మరణ ధ్రువీకరణ పత్రం, ఆర్సీ, ఇన్సూరెన్సు, వారసుల కాగితం పట్టుకెళ్ళండి. మీకు అన్నదమ్ములుంటే వాళ్ళ అంగీకారం కూడా రాయించుకోండి. అది అయ్యాక అమ్మేటప్పుడు ఫారం 29, ఫారం 30.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బేరగాళ్ళు మీ దగ్గరికొచ్చి "కాగితాలు మేం చూసుకుంటాం, ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యండి, అయిదు వేలు తగ్గించండి" అంటారు. తెల్లకాగితం మీద సంతకాలు అడుగుతారు. అస్సలు ఇవ్వొద్దు. రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత కూడా వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మా దగ్గర ఒకాయన బండి అమ్మేసిన రెండేళ్ళకి ఎక్కడో జరిగిన యాక్సిడెంటు కేసులో నోటీసు అందుకున్నాడు. ఎంత టెన్షన్ పడ్డాడో కళ్ళారా చూశాను.


కొత్తకాపురం:

అక్కా, నేను కొనేవైపు మనిషిని. మీకు జరిగింది చదివితే ఏడుపొచ్చింది, వాళ్ళని సమర్థించడానికి రాయడం లేదు. కానీ "లాస్ట్ ఎంత" అని అడిగేవాళ్ళలో నాలాంటివాళ్ళూ ఉంటారు, ఆ మాట చెప్పాలనిపించింది.

మాది తణుకు. పెళ్ళయి రెండేళ్ళు. మా ఆయన చేపల చెరువుల మీద పనిచేస్తారు. ఇంట్లో గ్యాస్ పొయ్యి తప్ప అన్నీ సెకండ్‌హ్యాండువే. వాషింగ్ మెషిన్ ఒకటి ఫోన్లోనే ధర మాట్లాడుకుని, ఆటో కట్టించుకుని వెళ్ళాం. అక్కడికెళ్ళాక చూస్తే డ్రమ్ము తిరగడం లేదు. వాళ్ళు ముందు చెప్పలేదు. రానూపోనూ కిరాయి 1,200 పోయింది, ఆ వారం కూరగాయల డబ్బు అది. అప్పట్నుంచీ ఏ వస్తువు చూడటానికి వెళ్ళినా కిరాయి కూడా కలిపి లెక్క వేసుకుంటాను. నా దగ్గరున్నదానికి అది అందదని తెలిస్తే అసలు బయల్దేరను. అందుకే ముందే లాస్ట్ ధర అడుగుతాను. పొగరు కాదక్కా.

మీ పోస్టులో కొన్ని ఉంటే మాలాంటివాళ్ళకి చాలా పని తగ్గుతుంది. మంచం పొడవు వెడల్పు ఎంత, పందిరి ఎత్తు ఎంత, విప్పితే ఎన్ని ముక్కలవుతుంది, మామూలు గుమ్మంలోంచి పడుతుందా, ఎక్కించడానికి ఎంతమంది కావాలి. అద్దె ఇళ్ళలో పైకప్పు తక్కువ, పందిరి మంచం పట్టకపోతే అంతా వృథా. వచ్చేముందు అయిదు నిమిషాలు వీడియో కాల్ చేసి చూపిస్తానని కూడా రాయండి. చూసి వచ్చినవాళ్ళు గొడవ చెయ్యరు. చేస్తే అబద్ధమాడుతున్నారని మీకే తెలిసిపోతుంది.


లంకఇల్లు:

అందరికీ ధన్యవాదాలు. బాబాయ్ గారూ, మీరన్నది నిజం. "మే లోపు ఖాళీ చెయ్యాలి, అర్జెంటు" అని మూడుచోట్ల రాసుకున్నాను. అన్నీ తీసేశాను. టేపు పెట్టి కొలిస్తే మంచం కర్ర 5.6 ఘనపుటడుగులు వచ్చింది, తలచెక్కతో సహా. రెండు అడితీల్లో అడిగొచ్చాను. 22,000 అన్యాయమైన ధర కాదని నాకే ధైర్యం వచ్చింది. కొలతలు వేస్తున్నప్పుడు అమ్మ టేపు రెండో కొస పట్టుకుంది.

తణుకు చెల్లీ, నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. నాకు అలా తోచలేదు. ఇకమీద "లాస్ట్ ఎంత" అన్నవాళ్ళకి కూడా సరిగ్గా జవాబిస్తాను.

ఇంకొక్కటి అడుగుతాను. ఇత్తడివాళ్ళు వచ్చి గంగాళం, రెండు కాగులు, ఆరు బిందెలు, కంచు గిన్నెలు, రాగి చెంబులు అన్నీ కలిపి గుత్తగా ఒక ధర చెప్పారు. పైగా కాటా మాదేనన్నారు. ఏం చెయ్యమంటారు?


అంబాజీపేటకాయ:

గుత్తకి ఇవ్వొద్దమ్మా. రాగి, కంచు, ఇత్తడి మూడూ వేరుచేసి మూడు కుప్పలు పెట్టండి. రాగికీ కంచుకీ ఇత్తడి కన్నా ఎక్కువ ధర, అందుకే వాళ్ళు కలిపి అడుగుతారు. ఏది ఏదో తేలకపోతే చెంచాతో తట్టండి, కంచు చాలాసేపు మోగుతుంది. ఇంట్లోనే మీ కాటా మీద తూచి, కాగితం మీద రాసుకుని, తర్వాత వాళ్ళ కాటాతో సరిచూడండి. దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో చూడండి. తరుగు ఎంత తీస్తారో తూచకముందే మాట్లాడుకోండి, తూచాక కాదు. గంగాళం మాత్రం కిలో లెక్కకి వెయ్యకండి. పెళ్ళిళ్ళకి వండేవాళ్ళని అడగండి, చిల్లి లేకపోతే పాత్రగా కొంటారు.


లంకఇల్లు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడే రాస్తున్నాను.

మంచానికి కొత్త పోస్టు ఇలా పెట్టాను: "1979లో చేయించిన టేకు పందిరి మంచం. పొడవు ఆరున్నర, వెడల్పు అయిదు, పందిరితో ఎత్తు ఏడడుగులు. విప్పితే పదకొండు ముక్కలు. కోళ్ళకి 1986 వరద చార ఉంది, మొదటి ఫొటో చూడండి. మేకు గుచ్చి చూసిన వీడియో కింద ఉంది. ఒక చిలక ముక్కు విరిగింది. లోపలి పలకలు పాతబడ్డాయి, మార్చుకోవాలి. 22,000. ముందు వీడియో కాల్, తర్వాత పగటిపూట వచ్చి చూసుకోవచ్చు." మెసేజ్‌లు ముప్ఫై నుంచి రోజుకి అయిదారుకి పడిపోయాయి. మొదటి నాలుగు రోజులు భయపడ్డాను. కానీ ఆ అయిదారుగురూ మంచం గురించే మాట్లాడారు.

మధ్యలో ఆ అమలాపురం ఆయన మళ్ళీ ఫోన్ చేసి పదకొండు వేలన్నారు. "22,000 అండి" అన్నాను. పన్నెండన్నారు. "22,000 అండి" అన్నాను. ఇంకేమీ మాట్లాడలేదు, ఆయనే పెట్టేశారు. చెయ్యి వణికిన మాట నిజం, కానీ గొంతు వణకలేదు.

పోయిన ఆదివారం ఉదయం అవతలి లంక నుంచి భార్యాభర్తలు వచ్చారు, వాళ్ళ అమ్మాయి పెళ్ళికని. మా పిన్నిగారు నాతో కూర్చున్నారు. అమ్మని పక్కింటికి పంపాను కానీ, రెండు నిమిషాల్లోనే తిరిగొచ్చేసింది. కొనడానికి వచ్చినావిడ వంగి కోడు మీద చార చుట్టూ వేలు పోనిచ్చి "మా గోడకి కూడా ఉండేదండి ఇది, సున్నాలు వేసి వేసి పోయింది" అంది. ఆ తర్వాత ఆయన పలకలు మార్పించడానికి వడ్రంగి 1,500 అడిగాడని, అంతమేరకి తగ్గించమని అడిగారు. తగ్గించాను. 20,500. డబ్బు బ్యాంకు యాప్‌లో చూసుకున్నాకే విప్పడం మొదలుపెట్టాం.

విప్పేటప్పుడు అమ్మ ఊడదీసిన చెక్క చీలలన్నీ ఏరి, నాన్న పాత తువ్వాలు ముక్కలో మూటకట్టి ఆ వచ్చినావిడ చేతికిచ్చింది. కిటికీ వైపు కోడు ముందు బిగించుకోవాలి, లేకపోతే పందిరి ఒక పక్కకి వాలుతుందని రెండుసార్లు చెప్పింది. ఆటో ఏటిగట్టు ఎక్కేదాకా వీధిలోనే నిలబడింది.

గంగాళం రావులపాలెం వైపు వంటవాళ్ళు తీసుకున్నారు, కిలో లెక్కన వచ్చేదానికన్నా బాగానే వచ్చింది. స్కూటర్‌కి ఫారం 31 పెట్టాం, అమ్మ పేరు మీదకి మారాక అమ్ముతాను. ఉయ్యాల బల్ల ఇంకా ఉంది. అయిదడుగుల పొడవు, గొలుసులతో కలిపి 7,000, ఎడమవైపు ఒక కొక్కెం కొంచెం అరిగింది. కావలసినవాళ్ళు పగటిపూట అడగండి, వీడియోలో చూపిస్తాను.